జపాన్ బంకర్లను సాపర్లు ఎట్ల కూల్చిన్రు? కట్ మోడల్ చేస్తున్నం, తెలిసినోళ్లు చెప్పుండ్రి

హన్మకొండ_ఎన్‌సీసీ

అందరికీ నమస్తే. మా కాలేజీ ఎగ్జిబిషన్‌ల రెండో ప్రపంచ యుద్ధం, బర్మా ఫ్రంట్ మీద ఒక స్టాల్ పెడుతున్నం. జపానోళ్ల బంకర్‌ను నడిమికి కోసి లోపల కనబడేటట్టు మోడల్ చెయ్యాలె. పక్కకు మన సాపర్లు, అంటే సైన్యంల ఇంజనీరు పని చేసేటోళ్లు, దాన్ని ఎట్ల కూల్చిన్రో చార్టు పెట్టాలె. స్కేలు 1:20 అనుకున్నం.

నెట్‌ల ఎక్కడ చూసినా "బంకర్లను పేల్చేశారు" అని ఒక్క ముక్క రాసి వదిలేసిన్రు. నాకు సమజ్ కానివి మూడున్నయి. అది కట్టె దుంగలు, మట్టితోని కట్టింది. సిమెంటు లేదు, ఇనుము లేదు. అసుంటిదాన్ని ఫిరంగులతోని కొట్టినా ఎందుకు కూలలే? రెండోది, దాని దగ్గరికి ఎవరు ముందు పోయిన్రు, ఎవరు ఎనుక పోయిన్రు? మూడోది, బంకర్ చేతికొచ్చినంక మళ్ల దాన్ని కూల్చుడెందుకు? మనోళ్లే అండ్ల కూసోవచ్చు కదా?

ఇంకో మాట. బంకర్ అంటే మా బ్యాచ్‌ల కోల్‌బెల్ట్ పిల్లలకు సీహెచ్‌పీల (కోల్ హ్యాండ్లింగ్ ప్లాంట్‌ల) బొగ్గు పోసే బంకరే యాదికొస్తున్నది. చార్టు మొదటి లైన్లనే తేడా తెల్వాలె.

మట్టికోట

మీ మొదటి ప్రశ్నకు జవాబు మీ ఊళ్లోనే ఉంది. ఖిలా వరంగల్‌లో రాతికోట చూసి తిరిగొచ్చేస్తారు చాలామంది. దాని బయట కందకంతో పాటు చుట్టూ తిరిగే మట్టికోట కూడా ఉంది, ఒకసారి దాని మీద నిలబడి చూడండి. రాతిగోడకు దెబ్బ తగిలితే కీలు కదులుతుంది, రాయి పగులుతుంది. మట్టికట్టలో ఆ దెబ్బ గుంతగా మారుతుందంతే. గుంత చుట్టూ ఉన్న మట్టి ఇంకా గట్టిపడుతుంది కూడా.

బర్మాలో జపాన్ సైన్యం కట్టింది ఇదే సూత్రం మీద. నేలలో గొయ్యి తీసి, చుట్టూ లావుపాటి దుంగలు నిలబెట్టి, పైన దుంగలు అడ్డంగా ఒక వరుస, నిలువుగా ఒక వరుస పరిచి, వాటి మీద నాలుగైదు అడుగుల మట్టి పోసేవారు. లోపల ఐదుగురి నుంచి ఇరవై మంది దాకా, వాళ్లతో మెషిన్ గన్లు. మట్టి దెబ్బను మింగుతుంది, మిగిలినదాన్ని అడ్డదుంగలు పక్కకు పంచేస్తాయి. ఒక్క దుంగ విరిగినా కప్పు నిలుస్తుంది.

ఇప్పుడు ఫిరంగి సంగతి. బ్రిటిష్ ఇండియా సైన్యం దగ్గర ఎక్కువగా ఉన్నది 25 పౌండర్. దాని గుండు బరువు 25 పౌండ్లు, అంటే 11 కిలోల పైచిలుకు. అందులో పేలుడు పదార్థం రెండు పౌండ్ల కంటే తక్కువే, మిగతాదంతా ఉక్కు. ఆ ఉక్కు ముక్కలై ఎగిరి బయట ఉన్న మనిషిని చంపుతుంది, కానీ ఐదడుగుల మట్టి కింద ఉన్నవాడికి అది మోతగానే అందుతుంది. పైగా అడవి. గుండు ఎప్పుడు పేలాలో నిర్ణయించే భాగాన్ని ఫ్యూజు అంటారు. తగలగానే పేలే ఫ్యూజు ఉన్న గుండు చాలాసార్లు నేల దాకా రాదు, కొమ్మకు తగిలి పైనే పేలిపోతుంది. ఎన్ని గుండ్లు వేశారన్న లెక్క కంటే ఫ్యూజు ఏదన్నదే ఇక్కడ ముఖ్యం. చార్టులో దీన్ని తప్పకుండా రాయండి.

ఈ పాఠం నేర్చుకోవడానికి చాలా ప్రాణాలు పోయాయి. బర్మా పడమటి వైపున్న అరకాన్ తీరంలో దోన్‌బైక్ అనే చోట 1943 జనవరి నుంచి మార్చి 18 దాకా దాడి మీద దాడి చేశారు. ఒక వాగు, దాని నిట్టనిలువు గట్లు, ఆ గట్ల పక్కన బంకర్లు. ఫిబ్రవరి 1న ఎనిమిది వాలెంటైన్ ట్యాంకులు పంపారు. ఆ ట్యాంకుకు ఉన్నది 2 పౌండర్ తుపాకీ. ఉక్కును చీల్చడానికి చేసిన చిన్న గుండు అది, మట్టి బంకర్ మీద దానికి పనేమీ ఉండదు. కొన్ని ట్యాంకులు వాగు గోతిలోనే చిక్కుకుపోయాయి. దోన్‌బైక్ పడలేదు.

దాదాపు అదే సమయంలో న్యూగినీ దీవిలోని పపువాలో, బునా దగ్గర, అంటే 1942 నవంబరు నుంచి 1943 జనవరి దాకా, అమెరికా, ఆస్ట్రేలియా సైన్యాలకూ ఇదే కష్టం. అక్కడ రెండడుగులు తవ్వితే నీరు ఊరుతుంది. కాబట్టి బంకర్‌ను నేల మీదకు లేపి కట్టారు. గోడలకు కొబ్బరి మొద్దులు, ఇసుక నింపిన ఇనుప డ్రమ్ములు. కొబ్బరి మొద్దు ఎందుకంత మొండిదో మన తాటి దూలం మీద గొడ్డలి వేసినవాళ్లకు చెప్పక్కర్లేదు. అది టేకులా చీలదు. నారంతా కలిసి నొక్కుకుపోయి దెబ్బను లోపలే ఆపుకుంటుంది. మీరు మోడల్‌లో దుంగలు చూపించేటప్పుడు బర్మా బంకర్‌కు, బునా బంకర్‌కు ఈ తేడా రాయొచ్చు.

సాపర్_రిటైర్డ్

మట్టికోట గారు కట్టడం గురించి సరిగ్గా చెప్పారు. రెండో ప్రశ్న నేను తీసుకుంటాను. ఛార్జీ, అంటే పేలుడు మందు మూట, కట్టే పద్ధతి, తూకాలు ఇక్కడ రాయను, మీ చార్టుకు వాటితో పని లేదు. క్రమం మాత్రం వివరంగా చెప్తాను.

మొదట తెలుసుకోవాల్సింది, బంకర్ ఒంటరిగా ఉండదు. ఒక బంకర్ ముందు నేలను దాని తుపాకీ చూడదు, పక్క బంకర్ తుపాకీ చూస్తుంది. ఇది దాన్ని కాస్తుంది, అది దీన్ని కాస్తుంది. అందుకే "దగ్గరలో ఉన్నదాన్ని ముందు కొడదాం" అనుకున్న దాడులన్నీ పక్కనుంచి వచ్చిన కాల్పులకు ఆగిపోయాయి. ముందు రోజుల గస్తీ పని ఏమిటంటే ఏ కంత (తుపాకీ పెట్టే సన్నని రంధ్రం) ఎటు చూస్తోంది, దాన్ని ఏది కాస్తోంది అని కాగితం మీద గీతలు గీయడం. ఆ గీతలు లేకుండా సాపర్‌ను పంపితే మనిషిని పోగొట్టుకున్నట్టే.

బంకర్‌ను కంటితో పట్టుకోవడం మహా కష్టం. యాభై గజాల్లో ఉన్నా కనబడదు. పట్టించేది తుపాకీ బాట. పైన కొమ్మలు, తీగలు అలాగే ఉంచి, మోకాలి ఎత్తు వరకే తుప్పలు కొట్టి ఉంటాయి. నిలబడిన మనిషికి అడవి చెక్కుచెదరనట్టు ఉంటుంది. పడుకుని బుగ్గ నేలకు ఆనించి చూస్తే ఎదురుగా సన్నని సొరంగంలా ఖాళీ, దాని చివర నల్లటి చీలిక. ఆ చీలికే కంత. ఇంకో గుర్తు, కొట్టి తెచ్చిన కొమ్మ రెండు రోజులకు వాడుతుంది. చుట్టూ పచ్చగా ఉండి ఒక్కచోట ఆకు గోధుమ రంగు తిరిగితే అక్కడ ఎవరో పని చేసినట్టే.

1944 అరకాన్ నాటికి ట్యాంకులు, కాలిబలం, సాపర్లు కలిసి పనిచేసే పద్ధతి కుదిరింది. అప్పటికి లీ ట్యాంకులు వచ్చాయి, వాటికి 75 మిల్లీమీటర్ల తుపాకీ. మొదట తగలగానే పేలే గుండ్లతో బంకర్ ముఖం మీదున్న తుప్పలన్నీ ఎగరగొట్టాలి. అప్పుడు బంకర్ బయటపడుతుంది. తర్వాత ఆలస్యంగా పేలే ఫ్యూజు. గుండు మట్టిలోకి, దుంగల మధ్యకు దిగి అక్కడ పేలుతుంది, ముఖం విచ్చుకుంటుంది. చివరగా పేలుడు పదార్థమే లేని ఉక్కు గుండ్లు, అంటే ట్యాంకును చీల్చడానికి చేసినవి. ఇవి ఎందుకు అంటారా? కాలిబలం చివరి కొద్ది గజాలు పరిగెత్తేటప్పుడు కూడా ట్యాంకు కాలుస్తూనే ఉండాలి, లేకపోతే లోపలివాడు మళ్లీ తుపాకీ పట్టుకుంటాడు. పేలే గుండైతే ఆ ముక్కలు మనవాళ్లకే తగులుతాయి. ఉక్కు గుండు పేలదు కాబట్టి మనవాళ్లు పక్కన ఉన్నా కాల్చవచ్చు. మీ చార్టులో మూడు బొమ్మలు వేస్తే ఈ మూడూ వేయండి. ఈ యుద్ధంలో నేర్చుకున్న పాఠాల్లో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది ఇదే.

ట్యాంకు ఎక్కలేని చోట, లేదా ట్యాంకు పని అయ్యాక కూడా లోపలివాళ్లు బతికి ఉన్నచోట సాపర్ వంతు. పక్క బంకర్ కంతను పొగతో కప్పుతారు. బ్రెన్ గన్ (తేలికపాటి మెషిన్ గన్) వాళ్లు ఎదుటి కంత మీద ఆపకుండా కాలుస్తారు. ఒకరిద్దరు పక్కనుంచి, కంత చూపు అందని చోటుకు పాకుతారు. పొడవాటి వెదురు కర్ర చివర ఛార్జీ కట్టి కంతలోకి తోసేవారు, దాన్ని పోల్ ఛార్జ్ అంటారు. పేలుడు మందు సంచి విసరకుండా కర్ర ఎందుకు? బంకర్లు వాలు మీద ఉంటాయి. విసిరిన సంచి కంతకు తగిలి కిందకు దొర్లితే విసిరినవాడి మీదకే వస్తుంది. కంత సన్నగా ఉంటే లోపలికి పోనే పోదు. పోయినా, ఫ్యూజు (ఛార్జీకి అంటించే వత్తి) కాలడానికి సమయం మిగిలి ఉంటే లోపలివాడు తిరిగి బయటకు నెడతాడు. కర్ర ఉంటే దాన్ని అక్కడే నొక్కి పట్టవచ్చు.

తప్పులు ఎక్కువగా జరిగింది సమయం దగ్గర. కాల్పులు ఎవరు ఎప్పుడు ఆపాలన్న గుర్తు సరిగా లేకపోతే, సాపర్ కంత దగ్గర ఉండగా వెనకనుంచి మనవాళ్ల తూటా తగులుతుంది. లేదా ముందే ఆపేస్తే లోపలి మెషిన్ గన్ లేస్తుంది. ఇంకో శత్రువు తేమ. బర్మా వానల్లో ఫ్యూజు లోపలి మందు చెమ్మ పట్టి మధ్యలో ఆరిపోయేది. ఆరిందో, నెమ్మదిగా కాలుతోందో బయటనుంచి తెలియదు, అదే అసలు ప్రమాదం.

హన్మకొండ_ఎన్‌సీసీ

అన్నా, మస్తు మంచిగ చెప్పిన్రు. మూడు రకాల గుండ్ల సంగతి నాకు అస్సలే తెల్వదు.

ఒక డౌటు. కంత దగ్గరికి పోవుడు అంత కష్టమైతే, ఎనుక నుంచి బంకర్ మీదికెక్కి పైకప్పు మీదనే ఛార్జీ పెడితే కూలదా? ఇంకోటి, మూడో ప్రశ్న ఇంక మిగిలే ఉన్నది, పట్టుకున్నంక కూల్చుడెందుకు?

ఖని_ఓవర్‌మన్

తమ్మీ, ఇది మా కప్పు పనే, కాబట్టి నేను చెప్త.

పైన పెడితే ఏమైతది? పేలుడు బలం ఎటు సులువో అటు పోతది. పైన గాలి, కింద ఐదడుగుల మట్టి. సగానికంటే ఎక్కువ బలం గాలిలకు పోతది, మట్టిల గుంత పడ్తది. కంతల నుంచి లోపల పేలితే కథ వేరే. అది మూసిన డబ్బా. వత్తిడి ఎటూ పోనీకి లేదు, గోడ గోడకు కొట్టుకుంట తిరుగుతది. మనుషులు పోయేది దానితోనే. గని లోపల మూసిన చోట పేలుడు బయటిదానికంటే ఎందుకు ప్రమాదమో అదే లెక్క.

కానీ గమనించు, లోపల పేలి మనుషులు పోయినా కప్పు నిలవొచ్చు. నీ మూడో ప్రశ్న ఇక్కడ మొదలైతది. కప్పు ఎంత బరువు ఉంటదో లెక్క చేద్దాం. లోపల 4 మీటర్లు ఇంటు 3 మీటర్ల గది అనుకో. మీద ఒకటిన్నర మీటర్ల మట్టి. 4 ఇంటు 3 ఇంటు 1.5 అంటే 18 ఘనపు మీటర్లు. తడి మట్టి ఘనపు మీటరుకు 1.7 టన్నులు పట్టుకుంటే 30 టన్నులు దాటింది. దుంగల బరువు లెక్కేయనే లేదు. నిండుగ ఉన్న రెండు ఇసుక టిప్పర్లు ఆ గది మీద నిలబడ్డట్టు. ఆ 30 టన్నులను మోసేది నిలువు దుంగలు, ఇంకేం లేదు.

కాబట్టి ఇంజనీరు కప్పుతోని కొట్లాడడు. నిలువు దుంగల మొదళ్లు తీస్తే చాలు, ఆ బరువే కప్పును కిందికి దించుతది. మా దగ్గర డీపిల్లరింగ్‌ల, అంటే బొగ్గు స్తంభాలు తీసేటపుడు, ప్రాప్‌లు (కప్పుకు ఆనించిన దుంగలు) తీసినంక గోఫ్, అంటే బొగ్గు తీసిన ఖాళీ జాగ, కూలేది ఇట్లనే. మూలల దుంగలు వదిలేసి నడుమయి తీస్తే కప్పు వంగి ఆగిపోతది, కింద మనిషి దూరేంత జాగ మిగుల్తది. సగం కూలిన బంకర్ నిండు బంకర్ కంటే చెడ్డది. బయటనుంచి కూలినట్టే కనపడ్తది, లోపల మనిషి ఉంటడు.

ఇంకోటి, పేలినంక ఎంబడే లోపలికి పోవద్దు. మూసిన జాగల పొగ నిలుస్తది, అండ్ల కార్బన్ మోనాక్సైడ్ ఉంటది. దానికి వాసన ఉండది. మోకాళ్లు ముందు మొద్దుబారుతయి, తల తిరిగే లోపల మనిషి పడిపోతడు. ఇది బొగ్గుబాయిల ఎంత నిజమో బంకర్ల గూడ అంతే నిజం.

మట్టికోట

పట్టుకున్నాక కూల్చడానికి కారణం మరొకటి కూడా ఉంది. ఆ బంకర్ కంతలు చూసేది మన దాడి వచ్చిన దిక్కుకు. మనవాళ్లు అందులో కూర్చుంటే శత్రువు ఎదురుదాడి వచ్చే దిక్కున తలుపు ఉంటుంది. పైగా దాని చోటు శత్రువు ఫిరంగివాళ్లకు అంగుళం కూడా తప్పకుండా తెలుసు. వదిలేస్తే రాత్రికి జపాన్ సైనికులు వెనకనుంచి పాకి మళ్లీ అందులోకే చేరేవారు, తెల్లారి మనవాళ్ల వీపు మీద కాల్చేవారు. పగలు గెలిచిన గుట్టను మర్నాడు మళ్లీ గెలవాల్సి రావడం ఇలాగే.

నాగాలాండ్‌లోని కోహిమా గురించి ఒక బొమ్మ పెట్టండి. 1944 ఏప్రిల్ 4న మొదలై జూన్ 22 దాకా సాగిన పోరు అది. డిప్యూటీ కమిషనర్ బంగళా దగ్గరి టెన్నిస్ కోర్టుకు ఒక అంచున మనవాళ్లు, ఇంకో అంచున జపాన్ బంకర్లు. కొండ వాలు నిట్టనిలువుగా ఉండడంతో ట్యాంకు అక్కడికి రాలేదని అందరూ అనుకున్నారు. ఇంజనీర్లు బుల్డోజరుతో కొండ మీద బాట తొలిచారు. మే 13న ఒక లీ ట్యాంకు ఆ బాటన దిగి టెన్నిస్ కోర్టు మీదకు వచ్చి, కొన్ని గజాల దూరం నుంచి బంకర్ల మీద కాల్చింది. వెంటనే డోర్సెట్ రెజిమెంట్ మనుషులు పోల్ ఛార్జీలతో మిగతావాటిని పట్టారు. ఇక్కడ ఇంజనీరు చేసిన అసలు పని పేల్చడం కాదు, బాట వేయడం. "సాపర్ అంటే పేల్చేవాడు" అని చార్టు మీద రాయకండి.

ఆ చోటే ఇప్పుడు కోహిమా యుద్ధ శ్మశానవాటిక. సమాధులు 1,420. హిందూ, సిక్కు ఆచారం ప్రకారం దహనం చేసిన 917 మంది పేర్లు విడిగా ఒక స్మారకం మీద ఉన్నాయి. టెన్నిస్ కోర్టు గీతలు ఇప్పటికీ నేల మీద కనిపిస్తాయి. మీ స్టాల్‌లో ఆ 917 అన్న సంఖ్య పెద్దక్షరాల్లో ఉండాలని నా కోరిక.

సాపర్_రిటైర్డ్

నున్‌షిగుమ్ కూడా చేర్చవచ్చు. ఇంఫాల్ మైదానం అంచున ఉన్న ఆ గుట్ట మీదకు 1944 ఏప్రిల్ 13న లీ ట్యాంకులు డోగ్రా జవాన్లతో కలిసి ఎక్కాయి. శిఖరం సన్నని వెన్నులా ఉండడంతో ట్యాంకు మూతి కిందకు వంగదు, మూత మూసుకుంటే పక్కనే ఉన్న బంకర్ కనబడదు. కమాండర్లు తల బయటపెట్టి చూడక తప్పలేదు. అక్కడి అధికారులందరూ చనిపోవడమో గాయపడడమో జరిగింది, గుట్టను చివరకు సుబేదార్లు, సార్జెంట్లే ముగించారు.

ఇక మీరు చార్టులో రాసే అవకాశం ఉన్న రెండు తప్పులు. బెంగుళూరు టార్పెడో. 1912లో మద్రాస్ సాపర్స్‌లో ఉన్న కెప్టెన్ మెక్లింటాక్ బెంగుళూరులో రూపొందించాడు కాబట్టి ఆ పేరు. అది గొట్టం ముక్కలు ఒకదానికొకటి అతికించి ముందుకు తోసే సాధనం, ముళ్లకంచెలో దారి చేయడానికి. బంకర్ కూల్చడానికి కాదు. బంకర్ ముందు కంచె ఉంటే దాన్ని తెరవడం వరకే దాని పని.

రెండోది, హైదరాబాద్ రెజిమెంట్. పేరు చూసి మన నిజాం ఇలాకా కుర్రాళ్ల పటాలం అనుకుంటారు. ఆ రెజిమెంట్‌నే 1945లో కుమావూన్ రెజిమెంట్ అని పేరు మార్చారు, కుమావూన్ అంటే ఉత్తరాన హిమాలయాల దగ్గరి ప్రాంతం. తెలుగువాళ్ల గురించి రాయాలంటే 1780లో పుట్టిన మద్రాస్ సాపర్స్ గురించి రాయండి, వాళ్లలో తెలుగు, తమిళ, కన్నడ, మలయాళ జవాన్లు కలిసే ఉండేవారు.

ములుగు_రోడ్

వియత్నాం గురించి ఒక చిన్న ముక్క చేర్చొచ్చు. అక్కడ బంకర్ కింద సొరంగం ఉండేది, సొరంగం వంకరలు తిరిగి, మధ్యలో మూతలు ఉండేవి. ఒక మూతి దగ్గర పేలిస్తే మొదటి వంకర దాకానే పనిచేసేది, లోపల వేరే మూతి నుంచి బయటికి పోయేవాళ్లు. అందుకే 1967 జనవరిలో సీడర్ ఫాల్స్ ఆపరేషన్‌లో బుల్డోజర్లతో అడవినే దున్నేశారు. తర్వాత రోమ్ ప్లౌ అని ప్రత్యేకమైన బ్లేడ్ కట్టిన ట్రాక్టర్లు పెద్ద ఎత్తున వచ్చాయి. బంకర్‌ను వెతకకుండా దాన్ని దాచే చెట్లనే తీసేద్దామన్న ఆలోచన. అడవికి జరిగిన నష్టం మాత్రం పూడ్చుకోలేనిది, అది కూడా రాయండి.

ఇంకొకటి, మోడల్ చుట్టూ ఏటూరునాగారం అడవిలా టేకు, మోదుగ పెట్టకండి. మన అడవి ఎండాకాలం ఆకు రాల్చి బోసిపోతుంది, అరకాన్‌లో ఏడాదంతా పచ్చదనమే. బంకర్ దాగింది దాని వల్లే.

హన్మకొండ_ఎన్‌సీసీ

అందరికీ థ్యాంక్స్. మోడల్ కొలతలు ఎవరన్న ఒకసారి సరి చూస్తరా? థర్మకోల్‌తోని కప్పు చేద్దామనుకున్నం.

ఖని_ఓవర్‌మన్

థర్మకోల్ వద్దు తమ్మీ, కోసినపుడు లోపల దుంగలు కనపడాలె. 1:20 అంటే ఐదడుగుల మట్టి ఏడున్నర సెంటీమీటర్లు వస్తది. అడుగు మందం దుంగకు ఒకటిన్నర సెంటీమీటర్ నీలగిరి పుల్లలు సరిపోతయి. కింది వరుస అడ్డం, పై వరుస నిలువు, రెండూ కనిపించాలె. గది 4 ఇంటు 3 మీటర్లయితే 20 ఇంటు 15 సెంటీమీటర్లు. కప్పు బరువు నిలువు దుంగల మీద ఉన్నట్టు కనిపించాలంటే ఒక మూల దుంగను తీసి పెట్టేటట్టు చెయ్యి. చూసేటోళ్లు తీస్తే కప్పు ఒక పక్కకు వంగాలె. చెరువు మట్టికి కొంచెం ఊక కలుపు, ఆరినంక పగుళ్లు రావు.

సాపర్_రిటైర్డ్

కంతను గోడ మధ్యలో పెట్టకండి, చాలా మోడళ్లలో చేసే తప్పు అదే. నేల మట్టానికి ఆనుకుని, ఎత్తు ఏడెనిమిది మిల్లీమీటర్లు మించకుండా పెట్టండి. దాని ముందు తుప్పలు మోకాలి ఎత్తు, అంటే రెండున్నర సెంటీమీటర్లు మాత్రమే కోసి, పైన ఆకు అలాగే వదలండి. పిల్లలను వంగి టేబుల్ అంచు నుంచి చూడమనండి. అప్పుడే వాళ్లకు కంత కనబడుతుంది.